చెరుకు పిప్పి ప్లేట్లని నమ్మి కొన్నాం, మీరు జాగ్రత్తండి

ఇంట్లో భోజనాలు పెట్టుకుంటున్నారా? ప్లాస్టిక్ వద్దనుకుని "మట్టిలో కలిసిపోయే" ప్లేట్లు కొనబోతున్నారా? డబ్బులిచ్చే ముందు మా సంగతి వినండి.

మాది కోనసీమ, కొత్తపేట దగ్గర పల్లెటూరు. ఏటా మే నెలలో ఒక ఆదివారం అటువాళ్ళూ ఇటువాళ్ళూ అందరూ మా ఇంట్లో కలుస్తారు. కొబ్బరిచెట్ల కింద షామియానా, మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం ముంజలు. ఈసారి లెక్క 120 దాటింది.

రెండేళ్ళ క్రితం ఇదే హడావిడిలో థర్మోకోల్ ప్లేట్లు వాడాం. 2022 జులై 1 నుంచే వాటిమీద నిషేధం ఉంది. అయినా కొట్లో అమ్మారు, మేమూ కొన్నాం. తప్పు మాదే. భోజనాలయ్యాక ఎవరో ఆ మూటలన్నీ వెనక కాలువలో పడేశారు. వేసవి కదా, కాలువలు కట్టేసి ఉన్నాయి, ఎండిన కాలువ ఎవరికీ పట్టలేదు. జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదలగానే అవన్నీ కొట్టుకొచ్చి మా చేను తూముకే అడ్డం పడ్డాయి. మా ఆయన మోకాలి లోతు బురదలో నిలబడి ఒక్కొక్కటీ తీశారు. ఆ రోజు ఆయన నన్నన్న మాటలు ఇక్కడ రాయలేను.

అందుకే ఈసారి పట్టుబట్టి టౌన్‌కి వెళ్ళాను. పేరు చెప్పను గానీ బాగా నడిచే హోల్‌సేల్ కొట్టే. "చెరుకు పిప్పితో చేసినవమ్మా, పాతిపెడితే నెలలో మట్టైపోతాయి" అన్నాడు. కట్టమీద పచ్చటి ఆకు బొమ్మ, దాని పక్కన "100% ఎకో". ప్లేటు 9 రూపాయల చొప్పున 150. మొక్కజొన్నతో చేశారన్న గ్లాసులు 4 రూపాయల చొప్పున 200. మొత్తం 2,150. బిల్లడిగితే తెల్ల కాగితం మీద అంకెలు రాసిచ్చాడు. మా అత్తయ్యగారు మాత్రం "రావులపాలెం అరటి మార్కెట్ పక్కన పెట్టుకుని ఆకులకి టౌనేంటే?" అన్నారు. బఫే కదా అత్తయ్యా, నిలబడి అరిటాకు ఎలా పట్టుకుంటారన్నాను.

పప్పు, పనసపొట్టు కూర దాకా బానే నడిచింది. వేడి వేడి ముక్కల పులుసు పోసేసరికి ప్లేటు మధ్యలో బుడగలాగా ఉబ్బింది. మా పెదనాన్నగారు చెంచాతో గీకి అన్నం కలుపుతుంటే ఏదో పల్చటి పొర చుట్టలు చుట్టుకుని వచ్చింది. ఉల్లిపొర అనుకున్నారాయన. నోట్లో పెట్టుకోబోయి ఆగి, వెలుతురుకి ఎత్తి చూపించి, "అమ్మాయ్, ఇది కవరేనే!" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటికే సగం మంది తినేశారు.

గ్లాసుల సంగతి వేరు. మజ్జిగకి బానే ఉన్నాయి. సాయంత్రం టీ పోయగానే నడుం వంగిపోయాయి. ఇక్కడ కొట్టువాణ్ణి పూర్తిగా అనలేను, నిజంగా మొక్కజొన్న సరుకే అయినా 60 డిగ్రీల వేడికే మెత్తబడుతుందట. ఆ ముక్క ముందే చెప్పుంటే టీకి స్టీలు గ్లాసులు తీసేదాన్ని.

పది ప్లేట్లు కొబ్బరి పాదులో పాతిపెట్టి రెండు నెలల తర్వాత తవ్వి చూశాను. పీచంతా పోయింది. ప్లేటు ఆకారంలో పొర మాత్రం అలాగే ఉంది, అంచు ముడతలతో సహా.

మిగిలిన ప్లేట్లు కట్టేసుకుని కొట్టుకి వెళితే "విప్పిన సరుకు తీసుకోమమ్మా, అందరూ ఇవే పట్టుకెళ్తున్నారు, మీరొక్కరే వచ్చారు" అన్నాడు. బిల్లుందా అని నన్నే అడిగాడు!

ఆ తర్వాత తెలుసుకున్నవి చెబుతాను. మొక్కజొన్న గ్లాసుల్లాగా, కంపోస్ట్ (ఎరువు) అయ్యే ప్లాస్టిక్ అని అమ్మేదానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి, ఆ నంబరు సరుకుమీద ఉండాలి. దాని ప్రమాణం ఐఎస్ 17088. ఆకు బొమ్మ ఎవడైనా వేసుకోవచ్చు, నంబరు వెతకండి. నంబరున్నా ఇంటి పెంటకుప్పలో నెలలో కరిగిపోతుందనుకోకండి. ఆ సర్టిఫికెట్ కోసం పరీక్ష చేసేది సుమారు 58 డిగ్రీల వేడి కుప్పలో, అక్కడ 90 శాతం పోవడానికే 180 రోజుల దాకా గడువు. మన పెరట్లో అంత వేడి ఎక్కడుంటుంది? మామూలు టీ కాగితం గ్లాసులకీ లోపల ప్లాస్టిక్ పూతే ఉంటుంది, కాగితమే కదా అని మోసపోవద్దు.

కొట్లోనే ఒక ప్లేటు అడిగి చింపండి. చినిగిన అంచున పీచుతో పాటు సాగే పొర కనబడితే వదిలేయండి. కుదిరితే ఒకటే కొని ఇంటికి తెచ్చి, మరిగే నీళ్ళు పోసి అరగంట ఉంచి, గోటితో లోపలి వైపు గీకండి. మా ప్లేటు మీద ఇలా చేస్తే పది నిమిషాలకే పొర లేచింది. 150 కొనే ముందు 9 రూపాయలు పోయినా ఫర్వాలేదు. వక్కచెట్టు నుంచి రాలిన పట్టతో చేసే ప్లేట్లకి ఈ గొడవ లేదు, చేతికి గరుగ్గా పట్ట చారలతో సహా కనబడతాయి.

బిల్లు మాత్రం గట్టిగా అడగండి, అందులో సరుకు పేరు రాయించండి. నా దగ్గర ఆ కాగితం ముక్క, కట్టమీది ఆకు బొమ్మ ఫొటో ఉన్నాయి. వాటితోనే 1915కి ఫోన్ చేశాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఆధారం లేకుండా "ఎకో" అని రాసి అమ్మడం మీద 2024 అక్టోబరులో మార్గదర్శకాలు కూడా వచ్చాయి. ఫిర్యాదు నంబరిచ్చారు. ఇంకా ఏమీ తేలలేదు.

మిగిలిన పాతిక ప్లేట్లు అటకమీదున్నాయి. మొన్న పంచాయతీ చెత్త బండి వచ్చినప్పుడు వేసేద్దామని దించాను. బండతను ఒకటి చేత్తో తిప్పి చూసి, "తడి చెత్తలో వెయ్యమంటారా, పొడి చెత్తలోనా అండి?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలీక మళ్ళీ అటకెక్కించాను.