రైగోల్ డీఎస్1054జెడ్: లాన్ కేబుల్ మీదుగా 12 మిలియన్ పాయింట్లు

మా పని ఎస్ఎంపీఎస్ (వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ వోల్టేజీని మార్చే పవర్ సప్లై) బోర్డుల టెస్టింగ్. స్విచ్ వేయగానే 12 వోల్ట్‌ల అవుట్‌పుట్ ఎలా పైకి లేచిందో ప్రతి బోర్డుకీ రికార్డు ఉండాలి. దానికి స్క్రీన్ ఫొటో చాలదు. ఆర్నెల్ల తర్వాత ఆ బోర్డు వెనక్కి వస్తే పోల్చి చూడటానికి అంకెలు కావాలి. అందుకే కొన్నేళ్లుగా రైగోల్ డీఎస్1054జెడ్ అనే ఈ ఆసిల్లోస్కోప్‌ను (వోల్టేజీ కాలంతో ఎలా మారుతుందో గీసి చూపే పరికరం, క్లుప్తంగా స్కోప్) నాబ్‌ల కంటే కంప్యూటర్ నుంచే ఎక్కువ నడుపుతున్నాను. నన్నడిగితే దీని అసలు విలువ వెనకవైపున్న లాన్ పోర్టులోనే ఉంది.

కనెక్షన్ సులువు. స్కోప్‌కి ఒక ఐపీ అడ్రస్ ఇచ్చి 5555 పోర్టుకు కనెక్ట్ అయితే ఎస్‌సీపీఐ కమాండ్లు (కొలత పరికరాలను నడిపే ప్రామాణిక ఆదేశాలు) మామూలు టెక్స్ట్ లైన్లుగానే వెళ్తాయి. పైథాన్‌లో పైవీసా అనే లైబ్రరీ వాడితే పని ఇంకా తగ్గుతుంది.

అసలు సంగతి డేటా అడిగే మోడ్‌లో ఉంది. నార్మల్ మోడ్‌లో డేటా అడిగితే స్క్రీన్ మీదున్న 1200 పాయింట్లే (ఒక్కో పాయింటు ఒక్కో క్షణంలో కొలిచిన వోల్టేజీ) ఇస్తుంది. డివిజన్‌కి (స్క్రీన్ మీది ఒక గడికి) 100 మిల్లీసెకన్లు పెట్టామనుకోండి, 12 డివిజన్లకు 1.2 సెకన్లు, అంటే మిల్లీసెకనుకు ఒక్క పాయింటు. వోల్టేజీ లేచేటప్పుడు మధ్యలో 50 మైక్రోసెకన్ల పాటు కుంగితే అది ఈ డేటాలో తేలదు. రా మోడ్‌లో అడిగితే మెమరీ మొత్తం, 12 మిలియన్ పాయింట్లూ వస్తాయి. అదే కుంగుబాటుకి అందులో 500 పాయింట్లు దొరుకుతాయి. లోపం ఎక్కడుందో చెప్పేవి అవే. కాకపోతే ఇంత మెమరీ ఒక్క ఛానెల్ ఆన్‌లో ఉన్నప్పుడే. రెండు పెడితే తలా 6 మిలియన్లు, నాలుగూ పెడితే తలా 3 మిలియన్లు.

రా మోడ్‌కి స్కోప్ స్టాప్‌లో ఉండాలి. నేను సింగిల్ కమాండ్ (ఒక్కసారే రికార్డు చేసి ఆగమని) పంపి, ట్రిగ్గర్ (సిగ్నల్ కోసం కాచుకునే ఏర్పాటు) స్థితి అడుగుతూ ఉంటాను. వెయిట్ అని జవాబొచ్చాకే బోర్డుకి పవర్ ఇస్తాను, స్టాప్ అన్నాకే డేటా అడుగుతాను. ఈ వరస తప్పకపోతే టెన్షన్ ఉండదు.

డేటా ఒక్కసారిగా రాదు. బైట్ ఫార్మాట్‌లో (పాయింటుకి ఒక బైటు) ఒక విడతకి 2,50,000 పాయింట్లే హద్దు కాబట్టి, మొదలు, చివర సంఖ్యలు మార్చుకుంటూ 48 విడతలు లాగాలి. వర్డ్ ఫార్మాట్ (పాయింటుకి రెండు బైట్లు) జోలికి వెళ్లకండి. రెండో బైటు ఎప్పుడూ సున్నాయే, హద్దేమో సగానికి పడిపోతుంది. ఆస్కీలో (విలువలు టెక్స్ట్‌గా) అయితే విడతకి 15,625 పాయింట్లే.

ప్రతి విడతా #9000250000 లాంటి హెడర్‌తో మొదలవుతుంది. 9 అంటే తర్వాత తొమ్మిది అంకెలున్నాయని, ఆ అంకెలు బైట్ల లెక్క. సొంతంగా సాకెట్ కోడ్ రాసేవాళ్లు ఆ లెక్క ప్రకారమే చదవాలి, న్యూలైన్ కనిపించిందని ఆగకూడదు. న్యూలైన్ అంటే 10 విలువున్న బైటే. సిగ్నల్ స్క్రీన్ కింది అంచు దాటితే ఆ విలువ డేటాలోనే రావచ్చు. రోజుల తరబడి బాగా పనిచేసిన కోడ్ ఏదో ఒక బోర్డు దగ్గర సగంలో ఆగిపోవడానికి ఇది చాలు.

బైట్లను వోల్ట్‌లుగా మార్చడానికి ప్రీయాంబుల్ (స్కేల్ వివరాల జాబితా) అడగాలి. కామాలతో పది విలువలు వస్తాయి. బైటు లోంచి వై ఆరిజిన్, వై రిఫరెన్స్ రెండూ తీసేసి వై ఇంక్రిమెంట్‌తో గుణిస్తే వోల్ట్‌లు. స్కేల్ మారితే ఇవీ మారతాయి కాబట్టి ప్రతి క్యాప్చర్‌కీ అడిగి, డేటాతో పాటే ఫైల్లో పెట్టండి. ప్రీయాంబుల్ లేని ఫైలు తర్వాత ఎందుకూ కొరగాదు.

పరిమితి గురించీ చెప్పాలి. ఇది 8 బిట్ల స్కోప్, అంటే వోల్టేజీని 256 మెట్లలోనే కొలుస్తుంది. డివిజన్‌కి 2 వోల్ట్‌లు పెడితే ఒక్కో మెట్టు 80 మిల్లీవోల్ట్‌లు, అంటే 50 మిల్లీవోల్ట్‌ల రిపుల్ (అవుట్‌పుట్ మీద ఉండే చిన్న హెచ్చుతగ్గు) అందులో కనబడదు. రిపుల్ కోసం ఏసీ కప్లింగ్‌లో (స్థిర వోల్టేజీని తీసేసి మార్పునే చూపే అమరిక), చిన్న స్కేల్ మీద విడిగా ఇంకో క్యాప్చర్ తీస్తాను. ఇంకో మాట, స్క్రిప్టు ఈ సిరీస్‌కే పనికొస్తుంది. ఎస్‌సీపీఐ 1990 నుంచీ ఉన్నా వేవ్‌ఫామ్ కమాండ్లు ఒక్కో కంపెనీవి ఒక్కోలా ఉంటాయి. టెక్ట్రానిక్స్‌లో ఇదే పనికి కర్వ్ అనే కమాండ్ ఉంది.

5555 పోర్టుకి పాస్‌వర్డ్ ఉండదు. నెట్‌వర్క్‌లో ఎవరైనా కమాండ్ పంపొచ్చు. అందుకే మా బెంచ్‌లో స్కోప్‌కీ, టెస్టింగ్ కంప్యూటర్‌కీ వేరే చిన్న నెట్‌వర్క్ స్విచ్ పెట్టాం. ఆఫీసు వైఫైకి దాన్ని కలపలేదు.