తేదీల్లేని వీక్లీ ప్లానర్: ఐదు నెలల సోమవారాల తర్వాత నా రివ్యూ

ఐదు నెలలు వాడాక రాస్తున్నాను. కొన్న వారానికే రాసి ఉంటే కళ్లు మూసుకుని ఐదు స్టార్లు ఇచ్చేసేదాన్ని, ఎందుకంటే కొత్త పుస్తకం చేతికొచ్చిన మొదటి వారం ఎవరికైనా ఊపు ఉంటుంది, అది పుస్తకం గొప్పతనం కాదు. అసలు సంగతి తెలిసేది ఆ ఊపు చల్లారాకే.

ముందు వస్తువు సంగతి. ఏ5 సైజు, అంటే 148 బై 210 మిల్లీమీటర్లు. గట్టి అట్ట, 52 వారాలకు సరిపడా పేజీలు. ఎడమ పేజీలో సోమవారంతో మొదలై వారాల పేర్లు, కుడి పేజీ నిండా చుక్కలు. తేదీలు ముద్రించి ఉండవు, మనమే వేసుకోవాలి. దాదాపు ఇదే డిజైన్‌తో చాలా కంపెనీలు అమ్ముతున్నాయి కాబట్టి బ్రాండ్ పేరు రాయడం లేదు, ఈ రకం ప్లానర్ ఎవరికి పనికొస్తుందో మాత్రం చెప్తాను.

"ఈ సోమవారం నుంచి మొదలుపెడతా" అని నెలల తరబడి అంటూ వచ్చిన పని ఒకటి మీకూ ఉంటే, ఇది మీ కోసమే.

నా పని నాన్న ఉత్తరాలు. ఆయన అమ్మకు రాసినవి 46 ఉన్నాయి, ఒక అట్టపెట్టెలో. నాన్న పోయాక వాటన్నిటినీ టైప్ చేసి, బైండ్ చేయించి అమ్మ చేతిలో పెట్టాలనుకున్నాను. మూడేళ్లు గడిచాయి. ప్రతి ఆదివారం రాత్రి గట్టిగా అనుకోవడం, సోమవారం పది గంటలయ్యేసరికి ఆఫీసు పనిలో పడి మర్చిపోవడం. పని జరగలేదన్న బాధ కంటే, నా మాట మీద నాకే నమ్మకం పోవడం ఎక్కువ బాధ పెట్టింది. అంతకుముందు తేదీలు వేసి ఉన్న డైరీ కొన్నాను కానీ, రెండు వారాలు తప్పేసరికి ఆ ఖాళీ పేజీలు చూడలేక దాన్ని తెరవడమే మానేశాను.

సోమవారానికి నిజంగానే ఒక బలం ఉంది. హెంగ్‌చెన్ డై, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో ప్రచురించిన పరిశోధన దీని గురించే. వారం, నెల, ఏడాది మొదట్లో జనం డైట్ గురించి వెతకడం, జిమ్‌కి వెళ్లడం పెరుగుతుందని వాళ్లు చూపించారు. పాత తప్పులన్నీ పాత వారంలోనే ఉండిపోయాయి అనిపించడం వల్ల అలా జరుగుతుందట. నాకు ఇది చదవగానే ఊరటగా అనిపించింది, సోమవారం కోసం ఎదురుచూడటం ఒట్టి బద్ధకం కాదని. కాకపోతే ఆ బలం మొదటి అడుగు వేయించే వరకే. ఆ అడుగు ఏమిటో ముందే రాసి లేకపోతే అది కూడా వృథా.

ఇక్కడే ఈ ప్లానర్ బాగా పనిచేసింది. సోమవారం గడి మిగతా రోజుల కంటే రెండింతలు పెద్దది, అందులో "మొదటి పని" అని ఒక చిన్న గీత. నా మొదటి వారం గీత మీద ఉన్నది "అట్టపెట్టె కిందికి దించు", అంతే. రెండో వారం "ఉదయం టీ కప్పు బల్ల మీద పెట్టగానే పైనున్న ఉత్తరం విప్పు". ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను అని ముందే ముడివేసుకుంటే పని జరిగే అవకాశం పెరుగుతుందని పీటర్ గోల్విట్జర్ అనే సైకాలజిస్టు 1999లోనే రాశారు. నాకు సిద్ధాంతం కంటే ఆ కప్పే ఎక్కువ గుర్తుంది. కప్పు పెట్టాను, ఉత్తరం విప్పాను. మడతల దగ్గర కాగితం విడిపోయేలా ఉంది. నాన్న "మ", "య" దాదాపు ఒకేలా రాసేవారు, వరుస వరుసకీ ఆగి, అది ఏ అక్షరమో పక్క మాటలను బట్టి తేల్చుకోవాల్సి వచ్చింది. ఒక్క పేజీకి 40 నిమిషాలు పట్టింది. ఆ రోజు ఆఫీసుకి వెళ్తుంటే, మూడేళ్లుగా గుండెల మీద ఉన్న బరువు కాస్త కదిలినట్టనిపించింది.

వారం పైభాగంలో ఇంకో వరుస ఉంటుంది, "ఈ వారం దేన్ని నమ్ముకుంటున్నాను?" అని. మొదట్లో అక్కడ ఏం రాయాలో తెలిసేది కాదు, తర్వాత అదే నాకు ప్రార్థన రాసుకునే చోటైంది. "దేవుడా, ఇది ఎప్పటికి పూర్తవుతుందో నీకు తెలుసు, నాకు ఇవాళ కూర్చునే ఓపిక ఇవ్వు" అని చాలా వారాలు అదే వాక్యం రాశాను. దేవుణ్ణి నమ్మనివాళ్లు అక్కడ ఒక మనిషి పేరు రాసుకోవచ్చు, చేసిన పనిని రాసుకోవచ్చు. పదో వారం వచ్చేసరికి నేను పేజీలు వెనక్కి తిప్పి చూసుకోవడం మొదలుపెట్టాను, పోయినసారి కూర్చున్నాను కాబట్టి ఈసారీ కూర్చుంటానన్న ధైర్యం అక్కడే దొరికింది.

మధ్యలో జ్వరం, ఆ వెంటనే ఆఫీసులో ఆడిట్ టెన్షన్, మూడు వారాలు పుస్తకం ముట్టుకోలేదు. మళ్లీ తెరిస్తే తర్వాతి పేజీ తెల్లగా అలాగే ఉంది, దాని మీద ఏ తేదీ లేదు. ఆ రోజు తేదీ వేసి కూర్చున్నాను. తేదీల్లేకపోవడం ఎంత పెద్ద దయో నాకు అప్పుడు అర్థమైంది. ఈ ప్లానర్‌కి నేనిచ్చే మార్కుల్లో సగం దీనికే.

లోపాలు లేకపోలేదు. కాగితం పల్చన, జెల్ పెన్‌తో రాస్తే వెనక పేజీకి కనిపిస్తుంది, ఇంక్ పెన్ను గురించి ఆలోచించనే వద్దు. శని, ఆదివారాలను కలిపి ఒక ఇరుకు గడిలో కుక్కేశారు, ఆదివారం రాత్రే సోమవారానికి సిద్ధమయ్యే నాలాంటివాళ్లకి అది పెద్ద లోటు. ఎలాస్టిక్ బ్యాండ్ మూడో నెలకే వదులైపోయింది. నెలకోసారి వచ్చే సమీక్ష పేజీలో ఎనిమిది ప్రశ్నలున్నాయి, రెండు నెలలు ఓపిగ్గా నింపి వదిలేశాను. అన్నిటికంటే ముఖ్యంగా, వారాల పేర్లు ముద్రించి ఉండటం వల్ల షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకి ఇది సరిపడదు. ఆస్పత్రి డ్యూటీలు చేసే నా స్నేహితురాలికి వారం గురువారం మొదలవుతుంది, తను సోమవారం కొట్టేసి గురువారం అని రాసుకుని తిప్పలు పడింది. అలాంటివాళ్లు పేర్లు కూడా లేనిది వెతుక్కోండి. గంటగంటకీ గుర్తుచేసేది కావాలంటే మాత్రం ఫోనే నయం, ఈ పుస్తకం మనం తెరిస్తేనే మాట్లాడుతుంది.

ఐదుకి నాలుగు. ఇప్పటికి 19 వారాల పేజీలు నిండాయి, 31 ఉత్తరాలు టైప్ అయ్యాయి. వచ్చే సోమవారం గడిలో ఇప్పటికే రాసి పెట్టాను: "32వ ఉత్తరం. మూడో వరుసలో ఉన్న ఊరి పేరు మ-తోనా, య-తోనా, అమ్మను అడుగు."