గుంట, డ్రమ్ము, చెత్త బండి: పెరటి ఆకులకు ఏది మేలు?

వేప ఆకు రాల్చడం మొదలైతే చాలు, తెలిసినవాళ్లంతా ఇదే అడుగుతారు. ఆకుల్ని ఎరువు చేయడానికి పెరట్లో గుంట తవ్వాలా, డ్రమ్ము కొనాలా, లేక అంతా చెత్త బండికి ఇచ్చేసి చేతులు దులుపుకోవాలా? మేముండేది హైదరాబాద్‌లో ఓ పాత కాలనీ ఇంట్లో, వెనకాల ఒక మామిడి, ఒక వేప. రెండేళ్లు గుంటతో కుస్తీ పట్టి, పోయినేడు సంక్రాంతి తర్వాత డ్రమ్ముకి మారాం.

తడి చెత్త సంగతి ఎలాగున్నా అసలు చిక్కు ఆకులతోనే. తోట చెత్తను విడిగా మన ఆవరణలోనే ఉంచి మున్సిపాలిటీ చెప్పినట్టు వదిలించుకోవాలని, రోడ్డు మీదో ఖాళీ స్థలంలోనో కాలువలోనో పారేయకూడదని, కాల్చకూడదని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లోనే చెప్పారు. 2026 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కొత్తవాటిలో ఇంటి చెత్తను తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త కావాల్సినవి (బల్బులు, మందుల్లాంటివి) అని నాలుగు రకాలుగా వేరు చేయమన్నారు. ఇక కాల్చడమంటారా, బహిరంగంగా చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున అయితే 25,000 కట్టాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. వేపాకు పొగ దోమలకి మంచిదని మా అత్తగారు ఇప్పటికీ అంటూనే ఉంటారు, అది వేరే సంగతి.

చెత్త బండి సులువే, కూరగాయ తొక్కల వరకు. ఆకుల బస్తా చూడగానే మా వీధికొచ్చే అతను మొహం తిప్పుకుంటాడు. అతన్ని అనీ లాభం లేదు, ఆ బండిలో చోటెంతని!

గుంటకి ఖర్చు లేదు, ఆకులు ఎన్నైనా మింగుతుంది. మేం మూడడుగుల లోతు తవ్వాం. ఎండాకాలం అంతా బాగానే ఉంది, జులైలో నీళ్లు నిండి గాలి ఆడక ఒకటే కంపు, దానికి తోడు పందికొక్కులు. అనంతపురం లాంటి వాన తక్కువ చోట, ఎత్తు నేల ఉన్నవాళ్లకి గుంట చాలు, డ్రమ్ముకి డబ్బు పెట్టక్కర్లేదు.

మాకు మాత్రం డ్రమ్మే కుదిరింది. 200 లీటర్ల పాత నీలం డ్రమ్ము, అడుగునా చుట్టూ రంధ్రాలు పెట్టించాం, అంతే. కానీ డ్రమ్ము కొన్నవాళ్లలో చాలామంది నెల తిరక్కుండానే వాసనొస్తోందని మూలన పడేస్తారు, ఎందుకంటే దగ్గర ఎండుటాకులు ఉండవు. తొక్కల్లో నత్రజని, నీరు ఎక్కువ, ఎండుటాకులో కార్బన్, ఈ రెండోది లేకపోతే అది ఎరువు కాదు, పులిసిన ముద్ద. గంపెడు తొక్కలకి రెండు గంపల ఆకులు పడాలి. అందుకే డ్రమ్ము కొనేముందు ఆకుల బస్తాలు ఎక్కడ పెడతారో చూసుకోండి, నా దృష్టిలో తేల్చేది అదే. ఫిబ్రవరి, మార్చిలో రాలినవి తడవకుండా దాచుకుంటే ఏడాదికి సరిపోతాయి. మామిడాకు మందం, త్వరగా చివకదు, కాళ్లతో తొక్కి నలిపి వేయండి. పైన కాస్త పుల్ల మజ్జిగ చల్లితే మంచిది. మాకు వేపాకు మూడు నెలల్లో నల్లటి మట్టయింది, మామిడి ఇంకా ఈనెలు ఈనెలుగానే ఉంది. తెల్ల పురుగులు కనిపిస్తే టెన్షన్ పడొద్దు, ఇంకో గంప ఎండుటాకు వేయండి.

ఎరువు చేసుకోవడానికి అమ్మే మూడంతస్తుల మట్టి కుండలు బాల్కనీవాళ్లకి సరే. వానపాములతో ఎరువు చేద్దామంటే అవి మా మే ఎండకి తట్టుకోవు, నేను ఆ జోలికి పోలేదు.

కొమ్మలకి మాత్రం వీటిలో ఏదీ పనికిరాదు. పోయిన నెల కొట్టించిన మామిడి కొమ్మలు కట్టలు కట్టి గోడవారనే పెట్టాం, వాటిని తీసుకెళ్లే ట్రాక్టర్ కోసం చూస్తున్నాం.