బాగున్న హార్డ్ డిస్క్‌ను చచ్చిపోయిందన్నారు, నాన్న గొంతు పోగొట్టారు

సికింద్రాబాద్ పార్క్ లేన్ వైపు ల్యాప్‌టాప్ రిపేరుకు ఇవ్వబోతున్నవాళ్లు ముందు ఇది చదవండి. షాపు పేరు రాయడం లేదు. ఆ వైపు తరచూ వెళ్లేవాళ్లకు ఎవరో అర్థమవుతుంది. నిన్న రాత్రి నుంచి నిద్ర లేదు, ఒక వరసలో రాయలేకపోతున్నాను, సర్దుకుని చదవండి.

నా ల్యాప్‌టాప్ 2018లో కొన్నది. 1 టీబీ హార్డ్ డిస్క్. అందులో విండోస్ ఉండే సీ డ్రైవ్ 150 జీబీ, మిగతాదంతా డీ, ఈ అని రెండు సమానమైన భాగాలు. సీ నిండిపోయి ఎర్రగీత వచ్చింది, అప్‌డేట్లు కూడా ఎక్కడం లేదు. "సీ కొంచెం పెంచండి, డీలో ఈలో ఉన్నవి మాత్రం ముట్టుకోకండి" అని కౌంటర్ దగ్గర రెండుసార్లు చెప్పి ఇచ్చాను. "అరగంట పని మేడం" అన్నారు.

డీలో మా నాన్న గొంతు ఉంది. నాన్న తెలుగు మాస్టారు. పోయి మూడేళ్లయింది. చివరి రెండేళ్లు ఆదివారం కుదిరినప్పుడల్లా పక్కన కూర్చుని ఆయన చేత పద్యాలు పాడించి ఫోన్‌లో రికార్డు చేశాను. మొత్తం 63 ఆడియోలు. ఫోన్ మార్చినప్పుడు అన్నీ డీలో వేశాను. ఇంకెక్కడా కాపీ పెట్టలేదు. ఆ తప్పు నాదే, ఎవరి మీదా నెట్టను.

అరగంట పని మూడు రోజులైంది. మూడో రోజు ఫోన్ చేసి "మేడం, మీ హార్డ్ డిస్క్ చచ్చిపోయింది, సగానికి పైగా బ్యాడ్ సెక్టార్లు (చదవడానికి రాని పాడైన చోట్లు), డీ, ఈ రెండూ పోయాయి" అన్నారు. కాళ్లలో సత్తువ పోయింది. పరుగెత్తుకుంటూ వెళ్తే డేటా రికవరీకి 9,000 అడిగారు, వస్తుందన్న గ్యారంటీ లేదన్నారు. దాని బదులు పెట్టిన కొత్త ఎస్‌ఎస్‌డీకి (చిప్‌లతో చేసిన కొత్తరకం డిస్క్), చేతికూలికి కలిపి 5,300 తీసుకున్నారు. టెన్షన్‌లో ఏమీ ఆలోచించకుండా ఇచ్చేశాను. ఒక్క పని మాత్రం చేశాను, పాత డిస్క్ వెనక్కి ఇమ్మన్నాను. "చచ్చిన డిస్క్ ఏం చేసుకుంటారు, ఇక్కడే పడేస్తాం" అని ఓనర్ రెండుసార్లు అన్నాడు. నాన్న ఉన్న డిస్క్ అది. పట్టుబట్టి తెచ్చుకున్నాను.

మా అన్నయ్య కొడుకు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. వాడు ఆ డిస్క్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో తన కంప్యూటర్‌కు తగిలించి, డిస్క్‌లోని భాగాలను బొమ్మలా చూపే విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూపించాడు. ఎడమవైపు సీ డ్రైవ్, మీద నీలం గీత. దాని పక్కన సన్నగా రికవరీ పార్టిషన్ (పార్టిషన్ అంటే డిస్క్‌లో విడదీసిన భాగం). ఆ తర్వాత చివరిదాకా ఒకటే నల్ల గీత, 780 జీబీ, కింద 'అన్‌అలొకేటెడ్', అంటే ఏ భాగానికీ ఇవ్వని చోటు, అని ఉంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం పెట్టి చూస్తే డిస్క్ ఆరోగ్యం 'గుడ్'. పాడైన సెక్టార్ ఒక్కటి కూడా లేదు.

"అత్తా, ఇది చావలేదు. డీ, ఈ పార్టిషన్లను వాళ్లే డిలీట్ చేశారు" అన్నాడు. విండోస్‌లో సీ పెంచాలంటే ఖాళీ చోటు సీకి కుడివైపున ఆనుకునే ఉండాలట. మధ్యలో ఆ చిన్న రికవరీ పార్టిషన్ అడ్డం ఉంది కాబట్టి, డీ, ఈ తీసేసినా సీని పెంచే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ నొక్కడానికి రాదు. వాళ్లకూ రాలేదు. చేసిన తప్పు ఒప్పుకోకుండా డిస్క్ మీదికి తోసేశారు.

పార్టిషన్ డిలీట్ చేయడమంటే పొలంలో గట్టు తీసేయడం లాంటిదని నాకర్థమయ్యేలా చెప్పాడు. గట్టు పోయినా పైరు అక్కడే ఉంటుంది. దానిమీద ఇంకొకరు దున్నితేనే పోతుంది. ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది.

వాడు ముందు డిస్క్ మొత్తాన్ని ఇంకో 2 టీబీ డిస్క్‌లోకి ఉన్నదున్నట్టు కాపీ తీసి, ఆ కాపీ మీదే పని మొదలుపెట్టాడు. టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రాంతో లోతుగా వెతికితే ఈ డ్రైవ్ ఫోల్డర్లతో సహా వచ్చేసింది. పిల్లల ఫోటోలు, ఇంటి కాగితాలు అన్నీ ఉన్నాయి. డీ మాత్రం రాలేదు. అప్పుడు ఫోటోరెక్ అనే ఇంకో ప్రోగ్రాం రాత్రంతా నడిపాడు. అది ఫైళ్లను బయటికి తీస్తుంది కానీ పేర్లు రావు, ఎఫ్ అనే అక్షరం పక్కన అంకెల వరస ఉంటుంది. వేల ఫైళ్లు. పొద్దున్నే కూర్చుని ఫోటోలు తిప్పుతుంటే ఒక పెళ్లి వచ్చింది. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, పీటల మీద పెళ్లికూతురు. ఎవరో తెలియదు. మా చుట్టాలు కాదు. వందల ఫోటోలు, వాటితోపాటు వీడియో ముక్కలు.

వాడే ముందు గ్రహించాడు. చచ్చిపోయిందని నాకు చెప్పిన డిస్క్ మీదే వాళ్లు కొత్త పార్టిషన్ చేసి, ఎవరో కస్టమర్ డేటాను తాత్కాలికంగా అందులో దాచుకున్నారు. పని అయ్యాక అదీ డిలీట్ చేశారు. ఆ పెళ్లి సరిగ్గా డీ ఉన్నచోట పడింది. నాన్న మీద పడింది.

63లో 38 పూర్తిగా వచ్చాయి. 6 సగంలో ఆగిపోతాయి. మిగతా 19 లేవు. ఆగిపోయేవాటిలో ఒకటి నాకు బాగా గుర్తు. పద్యం మొదలుపెట్టే ముందు నాన్న గొంతు సవరించుకుని "తలుపు దగ్గరికి వెయ్యమ్మా, బండ్ల చప్పుడు" అంటారు. ఆ మాట ఉంది. మొదటి పాదం ఉంది. రెండో పాదం మధ్యలో గరగరమని శబ్దం వచ్చి ఆగిపోతుంది.

నిన్న సాయంత్రం ఇద్దరం షాపుకు వెళ్లాం. అరవలేదు. స్క్రీన్ ఫోటోలు చూపించి, డిస్క్ బాగుందనీ, మీరు వేరేవాళ్ల డేటా వేశారనీ చెప్పాను. డిలీట్ చేసిన కుర్రాడు లోపల స్టూల్ మీద తల దించుకుని స్క్రూలు బిగిస్తున్నాడు. ఓనర్ నా మొహం కూడా చూడకుండా మా వాడితో "బాబూ, మేడంకి కంప్యూటర్ గురించి తెలియదు, నువ్వైనా చెప్పు" అన్నాడు. మా వాడు డిస్క్ రిపోర్ట్ తీసి కౌంటర్ మీద పెట్టాడు. అప్పుడు ఓనర్ నావైపు తిరిగి, నలుగురు కస్టమర్ల ముందు, "నాలుగు పాత పాటల కోసం ఇంత రాద్ధాంతం ఏంటి మేడం, ఫోన్‌లో కొడితే బోలెడు వస్తాయి కదా" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. అవి పాటలు కావు, మా నాన్న అని చెప్పాలనుకున్నాను. గొంతు పూడుకుపోయింది. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. 5,300 పోయినందుకు కాదు నా కోపం. తప్పు జరిగిందని ఆ మొదటి రోజే చెప్పి, డిస్క్ మీద ఇంకేమీ రాయకుండా ఇచ్చి ఉంటే 63కి 63 వచ్చేవి. ఆ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల పోయాయి.

డబ్బు తీసుకున్నప్పుడు జీఎస్టీ బిల్లు అడగలేదు, చేతిరాత చీటీ ఒకటే ఉంది. దాంతోనే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. మీరు మాత్రం బిల్లు లేకుండా రూపాయి ఇవ్వకండి.

ల్యాప్‌టాప్ ఇచ్చేముందు కావలసినవి వేరే డిస్క్‌లో కాపీ పెట్టుకోండి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, ఆ బొమ్మను ఫోన్‌లో ఫోటో తీసుకోండి. డిస్క్ పోయిందంటే హెల్త్ రిపోర్ట్ మీ కళ్లముందే చూపించమనండి, పాత డిస్క్ తప్పకుండా వెనక్కి తీసుకోండి. నల్ల గీత కనిపిస్తే చోటు పోయినట్టు కాదు. అందులో మీకు కావలసినదేమీ లేకపోతే దానిమీద రైట్ క్లిక్ చేసి న్యూ సింపుల్ వాల్యూమ్ చేస్తే చోటంతా తిరిగి వస్తుంది. డేటా కావాలంటే మాత్రం దాన్ని అస్సలు నొక్కకండి, ఎవరినీ నొక్కనివ్వకండి, బయటికి తీసిన ఫైళ్లు కూడా అదే డిస్క్‌లో పెట్టకండి. ఎస్‌ఎస్‌డీ అయితే ఇంకా జాగ్రత్త, ఫార్మాట్ చేశాక సాధారణంగా వెనక్కి రావు.

ఇంకొక్క మాట. ఈమధ్య ఆ వైపు ఏదైనా షాపులో పెళ్లి ఫోటోలు రికవరీకి ఇచ్చినవాళ్లు ఇది చదువుతుంటే, మీ ఫోటోలు మీకు తెలియకుండా వేరేవాళ్ల డిస్క్‌లో పడి ఉండొచ్చు. నాకు కనిపించినవి ఎవరికీ పంపలేదు. అవి మీవే అనిపిస్తే పెళ్లిపందిరి రంగు చెప్పండి, సరిపోతే మీకు ఇచ్చేసి నా దగ్గర తుడిచేస్తాను.