పాత 407కి సెకండ్‌హ్యాండ్ ఇంజన్: నాలుగేళ్లు వాడాక

మా నాన్న 1994లో కొన్న టాటా 407 చిన్న లారీ ఇది. మిర్చి సీజన్‌లో టిక్కీలు (మిర్చి బస్తాలు) గుంటూరు యార్డుకి తోలుతుంది, మిగతా రోజుల్లో ఏ బాడుగ దొరికితే అది. నాలుగేళ్ల కిందట నరసరావుపేట దాటాక కనెక్టింగ్ రాడ్డు విరిగి, బ్లాకుని చీల్చుకుని బయటికొచ్చింది. రోడ్డంతా ఆయిలే. ఇక బోరింగ్‌తో (అరిగిన సిలిండర్లని తొలిచి సరిచేయడంతో) పోయే పని కాదు, ఇంజన్ మార్చాల్సిందే.

మొదట టర్బో ఇంజన్ (గాలిని ఒత్తి లోపలికి పంపి ఎక్కువ పవర్ ఇచ్చే రకం) మీద మనసు పడ్డాను. లెక్క వేసుకుంటే ఇంజన్ ధర ఒక ఎత్తు, దాని వెనకాల వచ్చేవి ఇంకో ఎత్తు: ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్, దానికి పైపులు, రేడియేటర్, సైలెన్సర్ పైపు. ముప్పై ఏళ్ల గేరుబాక్సు ఆ గుంజుడుకి ఆగుతుందా అనే టెన్షన్ వేరే. కామన్ రైల్ (డీజిల్‌ని కంప్యూటర్ లెక్కతో చిమ్మే కొత్తరకం ఇంజన్) సంగతి అసలు ఆలోచించలేదు. సెన్సర్లు, కంప్యూటర్, వైరింగ్ అన్నీ ఈ బండిలోకి ఎక్కించడం నావల్ల కాదు.

చివరికి బండితో వచ్చిన రకమే, టర్బో లేని 497 వెతికాం. నాలుగు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), అందుకే ఆ పేరు. మౌంటింగులు, గేరుబాక్సు, క్లచ్ అన్నీ ఉన్నవే సరిపోతాయి, కొత్తగా వెల్డింగ్ పని లేదు.

విజయవాడ ఆటోనగర్లో మూడు రోజులు తిరిగాం. మొదటి షాపులో మేం వెళ్లేసరికే ఇంజన్ స్టార్ట్ చేసి పెట్టారు. చక్కగా తిరుగుతోంది. మా మేస్త్రీ బ్లాకు మీద చెయ్యి పెట్టి, "అబ్బాయ్, వేడెక్కిన ఇంజన్ కొనకు. పొద్దున్నే వచ్చి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయిద్దాం" అన్నాడు. మర్నాడు వెళ్తే సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ దిగిపోయింది గానీ అది అందుకోలేదు.

తీసుకున్నది వేరే చోట. ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. ఆయిలు మూత తీస్తే పొగ ఎగదన్నలేదు, అంటే బ్యాక్ కంప్రెషన్ (పిస్టన్ పక్కల నుంచి గ్యాసు కిందికి లీకవడం) లేదు. ఇంజన్ నంబరు చెరపకుండా ఉంది, బిల్లిచ్చారు. ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కించుకోకపోతే ఫిట్‌నెస్ దగ్గర బండి ఆగిపోతుంది, కాబట్టి బిల్లు ఇవ్వనంటే ఎంత చవకైనా వద్దనుకోండి. ఇంజన్ 52 వేలు, బిగింపుతో కలిపి 78 వేలైంది.

నేను చేసిన తప్పు ఒకటుంది. ఇంజన్ కిందే ఉన్నప్పుడు క్రాంకు వెనక ఆయిల్ సీలు మార్చమని మేస్త్రీ అంటే, ఇప్పుడు కారట్లేదుగా అని ఆపించాను. ఎనిమిది నెలలకి ఆయిలు కారి క్లచ్ ప్లేటు తడిసిపోయింది. కొన్ని వందల సీలు కోసం గేరుబాక్సు దించాల్సి వచ్చింది, క్లచ్ ప్లేటు ఖర్చు అదనం.

అది కాక నాలుగేళ్లలో వాటర్ పంపు ఒక్కటే మార్చాను. దాదాపు 60 వేల కిలోమీటర్లు తిరిగింది. రెండున్నర టన్నుల లోడుతో లీటరుకి తొమ్మిది ఇస్తోంది. చలికాలం పొద్దున కాసేపు తెల్లపొగ వస్తుంది, వేడెక్కాక ఉండదు. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కితే మాత్రం రెండో గేరే, వెనక బస్సువాడు ఎంత హారన్ కొట్టినా.