ఆస్టిన్, నార్మన్, ఓక్లహోమా సిటీ: సాఫ్ట్‌బాల్ వెంట తిరిగిన 2025

మేముండేది డాలస్ పక్కన ప్లేనోలో. మా అమ్మాయికి పన్నెండేళ్లు, బేస్‌బాల్ లాంటి సాఫ్ట్‌బాల్ ఆటంటే పిచ్చి. 2025 ఫిబ్రవరిలో కాలేజీ అమ్మాయిల సీజన్ మొదలవగానే, ఈసారి టీవీలో కాదు గ్రౌండ్‌లోనే చూడాలని పట్టుబట్టింది. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్య గారు కూడా ఇంట్లో ఒక్కదాన్నే కూర్చోనంటూ కారెక్కారు. మూడు నెలల్లో మూడు ఊళ్లు తిరిగాం. పెట్టిన డబ్బుకు తగ్గది ఏదంటే నేను ఆస్టిన్ అంటాను. మా అమ్మాయి ఒప్పుకోదు.

మార్చిలో ఆస్టిన్ వెళ్లాం. టెక్సస్ యూనివర్సిటీ వాళ్ల మెకూంబ్స్ ఫీల్డ్ చిన్నది, పన్నెండు వందల పైచిలుకు సీట్లు, అంతే. రెండో వరసలో దొరికాయి. బంతి విసిరే పిచ్చర్ నిలబడే చోటు నుంచి బ్యాటర్ దాకా 43 అడుగులు. క్రికెట్ పిచ్ 66 అడుగులు కదా, అందులో మూడింట రెండొంతులన్నమాట. బంతి వేసేటప్పుడు పిచ్చర్ కాలి బొటనవేలు నేలను గీసుకుంటూ వస్తుంది. పది బంతులకల్లా అక్కడ చాలు పడిపోయింది. ఇన్నింగ్స్ మొదట్లో వచ్చిన ప్రతి పిచ్చరూ ముందుగా బూటుతో ఆ మట్టిని సర్ది, రెండుసార్లు తొక్కి, ఆ తర్వాతే బంతి అడుగుతోంది. టీవీలో ఇన్నాళ్లు చూసినా ఇది నా కంట పడలేదు.

చెయ్యి గుండ్రంగా తిప్పి కింద నుంచి విసరడం చూసి అత్తయ్య గారు, "వడిసెల తిప్పినట్టుందే! మా చేలో పిట్టల్ని ఇట్టాగే తోలేవాళ్లం" అన్నారు. జట్టు కూర్చునే డగౌట్‌లో అమ్మాయిలు ఆటంతా ఏదో ఒకటి పాడుతూనే ఉంటారు. అది ఆవిడకు నాట్లు వేసేవాళ్ల పాటలా వినిపించిందట. ఆటకు ఉండే ఏడు ఇన్నింగ్సూ రెండు గంటల్లో అయిపోయాయి. ఆ రాత్రి ఉత్తరం వైపు ఒక హోటల్లో, చిన్న వంటగది ఉన్న గది తీసుకున్నాం. రైస్ కుక్కర్ వెంట ఉంది కాబట్టి పెరుగన్నానికి లోటు రాలేదు. పార్కింగ్ ఒక్కటే చిరాకు. క్యాంపస్ చుట్టూ మూడు చక్కర్లు కొట్టాం.

ఏప్రిల్‌లో నార్మన్. 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగేళ్లు కప్పు కొట్టిన ఓక్లహోమా జట్టుది ఆ ఊరు, కోచ్ ప్యాటీ గాసో. 2024లో తెరిచిన లవ్స్ ఫీల్డ్‌లో నాలుగు వేలకు పైగా సీట్లున్నా వారాంతం టికెట్లు మాకు అందలేదు. వారం మధ్యలో బడి మాన్పించి తీసుకెళ్లాం. గ్రౌండ్ ముచ్చటగా ఉంది, బాత్రూములు శుభ్రంగా ఉన్నాయి. కానీ ఐదు ఇన్నింగ్స్ తర్వాత ఎనిమిది పరుగుల తేడా ఉంటే ఆట అక్కడితో సరి. సరిగ్గా అదే జరిగింది. మూడు గంటలు కారు నడిపి వెళితే గంటన్నరలో "ఇక లేవండి" అన్నారు. వారం మధ్యలో వెళ్లాలనుకుంటే అవతలి జట్టు ఏదో ముందు చూసుకోండి.

జూన్‌లో ఓక్లహోమా సిటీ. ఆ కప్పు కోసం ఎనిమిది జట్లు ఆడే విమెన్స్ కాలేజ్ వరల్డ్ సిరీస్ అక్కడి డెవన్ పార్క్‌లో జరుగుతుంది. ఆ వారం గదుల రేట్లు ఆకాశంలో ఉంటాయి. చవగ్గా వస్తోందని హైవే పక్కన ఒక మోటెల్ బుక్ చేశాను. అది నా తప్పే. పొగ తాగకూడని గదంటూ ఇచ్చిన దాంట్లో తలుపు తియ్యగానే సిగరెట్ కంపు. గొడవపడితే రాత్రి పదకొండున్నరకు మూడో అంతస్తులో ఇంకో గది ఇచ్చారు. లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులతో అత్తయ్య గారు మెట్టు మెట్టుకూ ఆగి ఎక్కుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. మళ్లీ వెళితే నార్మన్‌లోనే దిగుతాను. ఇరవై మైళ్లు కారు నడపడం ఎంతో నయం.

మర్నాడు పొద్దున 1995 బాంబు పేలుడు స్మారకానికి వెళ్లాం. పచ్చికలో చనిపోయినవాళ్లకు ఒక్కొక్కటి చొప్పున 168 ఖాళీ కుర్చీలు, వాటిలో పిల్లలవి 19, చిన్నవి. కారెక్కే దాకా ఎవరం మాట్లాడుకోలేదు.

స్టేడియంలోకి లోపలి సామాను కనిపించే సంచులే రానిస్తారు. నా హ్యాండ్‌బ్యాగ్ మళ్లీ కారులో పెట్టి రావాల్సొచ్చింది. పులిహోర పార్కింగ్‌లోనే, డిక్కీ మీద పళ్లెం పెట్టుకుని తినేశాం. లోపల శాకాహారులకు నాచోస్, ప్రెట్జెల్, పాప్‌కార్న్, అంతే. టికెట్‌కు ఆస్టిన్‌లో పెట్టినదానికి మూడు రెట్లు పెట్టినా దొరికింది పై అంతస్తే. అక్కడి నుంచి పిచ్చర్ బూటు కాదు కదా, బంతే సరిగా కనిపించదు. పదమూడు వేలమంది పట్టే చోట ఖాళీ సీటు మాత్రం లేదు. 2028 ఒలింపిక్స్ సాఫ్ట్‌బాల్ కూడా ఇక్కడేనట.

మేం చూసింది జూన్ 4న, మూడు ఆటల ఫైనల్స్‌లో మొదటిది. ఆస్టిన్ వాళ్ల టెక్సస్ మీద టెక్సస్ టెక్ యూనివర్సిటీ. టెక్ పిచ్చర్ నైజరీ కెనడీ, మిలియన్ డాలర్లకు పైగా ఒప్పందంతో ఆ జట్టుకు వచ్చిన అమ్మాయి. ఆరో ఇన్నింగ్స్‌లో టెక్ 1-0తో ముందుంది. టెక్సస్ బ్యాటర్ రీస్ యాట్‌వుడ్‌కు ఆడే బంతి ఇవ్వకుండా, కావాలనే నాలుగు బంతులు బయటికి వేసి ఊరికే మొదటి బేస్‌కు పంపేద్దామని చూస్తోంది కెనడీ. మూడు పోయాయి. జనం ఫోన్లు చూసుకుంటున్నారు. నాలుగోది చాలినంత దూరం పోలేదు. యాట్‌వుడ్ బ్యాట్ చాచి కొట్టేసింది. రెండు పరుగులు. చివరికి టెక్సస్ 2-1తో గెలిచింది. మా అమ్మాయి అరుపుకు ముందు సీటాయన కూల్‌డ్రింక్ ఒలికిపోయింది. ఓక్లహోమా సిటీయే గొప్పదని అది వాదించేది ఈ ఒక్క బంతిని చూపించే.

తిరుగు ప్రయాణంలో డేవిస్ దగ్గర హైవే దిగి ఫ్రైడ్ పైలు కొన్నాం. అత్తయ్య గారు ఒకటి తుంచి చూసి, "కజ్జికాయే కదమ్మా, పేరు మార్చారంతే" అని తేల్చేశారు. ఓ డజను కట్టించాం.

శుక్రవారం రాత్రి కప్పు తేల్చే మూడో ఆట ఇంట్లోనే టీవీలో, ఆ పైలు తింటూ చూశాం. సిరీస్ మొత్తం టెక్ తరఫున ప్రతి బంతీ తనే వేస్తూ వచ్చిన కెనడీని మొదటి ఇన్నింగ్స్ అవగానే పక్కన కూర్చోబెట్టారు. 10-4తో టెక్సస్‌కు మొట్టమొదటి కప్పు. మా అమ్మాయి సోఫా మీద గెంతుతోంది. అత్తయ్య గారి కళ్లు మాత్రం డగౌట్‌లో ఉన్న కెనడీ మీదే ఉన్నాయి. "రోజూ ఆ పిల్లొక్కతే విసిరింది కదే, రాత్రి చెయ్యికి ఎవరైనా కాపడం పెడతారా?" అని అడిగారు.