గుండు పేల్చకుండానే గురి నేర్పిన పిస్టల్: మూడేళ్ల వాడకం తర్వాత

మొదటి పిస్టల్ ఏది తీసుకోమంటారని అడిగినవాళ్లందరికీ మూడేళ్లుగా నేను చెప్పేది ఒకటే. పది మీటర్ల దూరం నుంచి గాలి ఒత్తిడితో కాల్చే ఎయిర్ పిస్టల్ తీసుకోండి, అందులోనూ డ్రై ఫైర్ మీట, అంటే గుండు లేకుండానే ట్రిగ్గర్ నొక్కి సాధన చేయనిచ్చే మీట ఉన్నదే తీసుకోండి. బరువు, బారెల్ పొడవు, పెల్లెట్ (అది కాల్చే చిన్న గుండు) వేగం లాంటివి ఏ కేటలాగ్‌లో అయినా ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది ఆ చిన్న మీట గురించే.

నేను మొదలుపెట్టింది దీనితో కాదు, రేంజ్‌లో ఇచ్చిన పాయింట్ 22 పిస్టల్‌తో, అంటే 0.22 అంగుళాల మందుగుండు తూటా పేల్చే గన్నుతో. మొదటి రోజే చెడు అలవాటు పట్టేసింది. చప్పుడు రాబోతోందని ముందే తెలిసి కళ్లు మూసుకునేవాణ్ణి, మణికట్టు కిందికి వంచేవాణ్ణి. కుడిచేతివాణ్ణి కావడంతో గుళ్లన్నీ ఎడమ పక్కకి, కిందికి పోయేవి. గురి చూసే సైట్‌దే తప్పనుకుని వారం రోజులు దాన్ని తిప్పుతూ కూర్చున్నాను. చివరికి కోచ్ గారు నాకు చెప్పకుండా మ్యాగజైన్ (తూటాలు పేర్చే పెట్టె) మధ్యలో ఒక డమ్మీ తూటా కలిపి ఇచ్చారు. ట్రిగ్గర్ నొక్కాను, క్లిక్‌మంది, గన్ను మాత్రం ఠక్కున తల దించింది. "చూశారా? గుండే లేదు. దించింది మీ చెయ్యి," అన్నారాయన.

ఆ అలవాటు పోవాలంటే ఖాళీ గన్నుతో వేల సార్లు ట్రిగ్గర్ నొక్కాలి. కానీ పాయింట్ 22 పిస్టళ్లలో చాలావాటితో ఆ పని చేయకూడదు. ఆ తూటాని ఫైరింగ్ పిన్ అంచు మీద కొడుతుంది. తూటా లేకపోతే ఆ దెబ్బ నేరుగా ఛాంబర్ అంచుకే తగిలి అక్కడ నొక్కు పడుతుంది. నేను ఎయిర్ పిస్టల్ వైపు మళ్లింది ఇందుకే.

ఇందులో మీట తిప్పితే గాలి వదలదు, పెల్లెట్ అక్కర్లేదు. ట్రిగ్గర్ మాత్రం అసలు షాట్‌లో ఎలా తెగుతుందో, అంటే నొక్కుతూ ఉండగా ఎలా ఠక్కున వదులుతుందో, అచ్చం అలాగే తెగుతుంది. పెల్లెట్ డబ్బా వేరే గదిలో పెట్టి, బారెల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, తెల్ల గోడకి ఎదురుగా నిలబడేవాణ్ణి. వెనక సైట్ గాడిలో ముందు సైట్ సరిగ్గా కూర్చుంటే దానికి అటూ ఇటూ రెండు సన్నటి వెలుగు గీతలు కనిపిస్తాయి. ట్రిగ్గర్ తెగిన క్షణాన ఎడమ గీత మూసుకుపోయేది. రెప్పపాటు, అంతే. చప్పుడు, కుదుపు ఉన్న గన్నుతో అది నా కంటికి ఎన్నడూ కనపడలేదు. ముందు సైట్ అర మిల్లీమీటరు పక్కకి జరిగితే పది మీటర్ల దగ్గర సుమారు పదిహేను మిల్లీమీటర్ల తేడా వస్తుంది. పది పాయింట్ల వలయం మొత్తం వెడల్పే 11.5 మిల్లీమీటర్లు! నా గుళ్లు ఎక్కడికి పోతున్నాయో, ఎందుకు పోతున్నాయో నాకు ఆ గోడ ముందే అర్థమైంది.

రోజూ ఇరవై నిమిషాలు అలా చేశాను. ఎడమ గీత కదలకుండా నిలబడ్డ రోజు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. నాలుగు నెలల తర్వాత మళ్లీ పాయింట్ 22 పడితే గుళ్లు మధ్యకి వచ్చి కూర్చున్నాయి.

రెండో ఏడు ఒక దెబ్బ తగిలింది. క్లబ్‌లో పోటీ, డెబ్బై అయిదు నిమిషాల్లో అరవై షాట్లు. ముప్పై దాకా బాగానే పడ్డాయి. నలభై దగ్గర్నుంచి ఒక్కొక్కటే కిందికి జారడం మొదలైంది. తొమ్మిది, ఎనిమిది, ఎనిమిది, ఏడు. చెయ్యి అలిసిందనుకున్నాను. సైట్ రెండు క్లిక్కులు పైకి తిప్పాను, అయినా కిందికే. పాత జబ్బు తిరగబెట్టిందని గుండె జారిపోయింది. పోటీ అయ్యాక కోచ్ గారు పిస్టల్‌కి గాలి అందించే సిలిండర్ మీది గేజ్ చూపించారు. రాత్రి 200 బార్ ఒత్తిడి దాకా నింపిన సిలిండర్‌లో గాలి దాదాపు అడుగంటింది. ఒత్తిడి అంత పడిపోయాక పెల్లెట్ వేగం తగ్గి కిందికే పడుతుంది. ఇంటికొచ్చి సబ్బు నీళ్లు పూస్తే మర దగ్గర చిన్న చిన్న బుడగలు. విప్పి చూస్తే ఓ-రింగ్ (గాలి బయటికి పోకుండా ఆపే గుండ్రటి రింగు) మీద గోటి గాటంత చీలిక, అందులో ఇరుక్కున్న ఒక నూలు పోగు. కొత్త రింగు వేసి, కాస్త సిలికాన్ గ్రీజు రాస్తే సరిపోయింది. ఆ రోజు నుంచి రాత్రి గేజ్, పొద్దున గేజ్ పుస్తకంలో రాసుకుంటున్నాను. గబగబా నింపితే సిలిండర్ వేడెక్కి గేజ్ ఎక్కువ చూపిస్తుంది, చల్లారాక ముల్లు దిగుతుంది. అందుకని నెమ్మదిగా నింపుతాను. పాతది కొనేవాళ్లు సిలిండర్ మీద తయారీ తేదీ చూడండి, చాలావాటికి పదేళ్లే గడువు.

గ్రిప్ గురించి మొదట్లో అందరి దగ్గరా తెగ పొగిడాను. ఏ చేతికైనా సరిపోతుందని కూడా అన్నాను. అది కొంచెం తగ్గించుకోవాలి. చెక్క గ్రిప్‌కి బొటనవేలి దగ్గర గరుకు కాగితం పెట్టి అరగదీసి, అరచేతి దగ్గర చెక్క లప్పం రెండు పొరలు వేశాకే నా చేతిలో కుదురుకుంది. అందుకు ఎనిమిది నెలలు పట్టింది. ట్రిగ్గర్ కూడా అంతే. పోటీ నిబంధన ప్రకారం అది కనీసం 500 గ్రాముల బరువు మోయాలి. దానికి అలవాటుపడ్డ వేలికి బరువైన ట్రిగ్గర్లు మొదట మొరాయిస్తాయి.

నేను ఉద్యోగం చేసుకుంటూ వారానికి ఒక్కసారే రేంజ్‌కి వెళ్లగలిగేవాణ్ణి, సాధనంతా ఇంట్లోనే. నాలాంటివాళ్లకి ఇదే తీసుకోమని గట్టిగా చెబుతాను. రేంజ్ పక్కనే ఉండి, రోజూ తూటాలు కాల్చగలిగి, పక్కన నిలబడి చూసే కోచ్ ఉంటే పాయింట్ 22 తోనే మొదలుపెట్టినా నష్టం లేదేమో. ఎడమచేతివాళ్లు మాత్రం తమ చేతికి గ్రిప్ దొరుకుతుందో లేదో ముందే కనుక్కుని అప్పుడు డబ్బు కట్టండి.